దగ్గరి సర్కారుకూ హద్దుండాలి

కోరుట్ల నుంచి వేములవాడ బస్సెక్కితే దారిలో కథలాపూర్ వస్తుంది. ఆ తర్వాత రుద్రంగి, చందుర్తి. కథలాపూర్ మండలం జగిత్యాల జిల్లాలో ఉంది, ఎమ్మెల్యే ఓటు మాత్రం వేములవాడకు. జగిత్యాలకూ సిరిసిల్లకూ నడుమనున్న ఈ పల్లెలకు 1978 అంటే ఏమిటో ఈ తరానికి చెప్పాల్సిన అవసరం ఉంది.

ఎమర్జెన్సీ పోయి ఏడాది కాలేదు. 1978 జనవరి 25న సుప్రీంకోర్టు మేనకా గాంధీ కేసులో తీర్పు చెప్పింది. ఒక మనిషి స్వేచ్ఛను హరించడానికి చట్టమంటూ ఒకటి ఉంటే సరిపోదనీ, ఆ పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలనీ అన్నది. అదే ఏడు పార్లమెంటు 44వ సవరణను ఆమోదించింది. ఎంతటి అత్యవసర పరిస్థితిలోనైనా ప్రాణానికీ వ్యక్తిస్వేచ్ఛకూ ఉన్న రక్షణను ఇక నిలిపివేయడానికి లేదు. దేశం ఊపిరి పీల్చుకున్న సంవత్సరం అది.

ఇక్కడ జరిగింది వేరు. వెట్టి చెయ్యబోమని, జీతగాళ్ల జీతాలు పెంచాలని, దొరలు పట్టిన బంచరాయి భూములు ఇడిసిపెట్టాలని, పంచాయితీల పేరుతో గుంజిన దండుగలు వాపసు ఇయ్యాలని రైతుకూలీ సంఘాలు లేచాయి. మాట వినని దొర గడీకి చాకలి పోలేదు, మంగలి పోలేదు, జీతగాడు పోలేదు. తరాలుగా వంగి నడిచిన మనుషులు పనికి రామని చెప్పి ఇంట్లో కూర్చోవడమే ఆ బహిష్కరణ. సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రకు వేలమంది తరలివచ్చారు. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఊళ్లలో పోలీసు క్యాంపులు దిగాయి.

ఆ ప్రకటనకు ఆధారమైన చట్టం పుట్టింది 1948లో, మద్రాసు ప్రావిన్సులో. ఐదుగురు గానీ అంతకు మించి గానీ గుమిగూడొద్దన్న ఆంక్షను ఎవరైనా మీరితే, హెచ్చరించి కాల్చే అధికారం, ప్రాణం పోయేటట్టు సైతం కాల్చే అధికారం సబ్‌ఇన్‌స్పెక్టర్ దాకా ఇచ్చింది. ఐదుగురు! నాట్లకు పోయే ఆడవాళ్ల జట్టే పదిమందికి పైగా ఉంటుంది. రేపటి కూలి ఎంతని చావడి కాడ మాట్లాడుకోవాలన్నా ఐదుగురు దాటుతారు. ఆ లెక్కన వ్యవసాయ కూలీ బతుకే నేరం కింద జమ.

ఈ తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది ఢిల్లీ కాదన్న సంగతి మనం తరచూ మరుస్తాం. శాంతిభద్రతలు, పోలీసు రాష్ట్రాల జాబితాలోని అంశాలు. ఉత్తర్వు వెళ్లింది హైదరాబాదు నుంచి, చెన్నారెడ్డి ప్రభుత్వం నుంచి. అధికారం కేంద్రం చేతి నుంచి రాష్ట్రానికి దిగితే చాలు, జనం స్వేచ్ఛ దానంతటదే పెరుగుతుందని నమ్మేవాళ్లు ఈ తాలూకాల చరిత్ర చదవాలి.

సమాఖ్య పాలనకు ఆదిగురువని చెప్పుకునే అమెరికాకు కూడా ఈ పాఠం ఆలస్యంగానే అర్థమైంది. 1789లో జేమ్స్ మాడిసన్ పౌరహక్కుల సవరణలు ప్రతిపాదిస్తూ మతస్వేచ్ఛ, పత్రికాస్వేచ్ఛ, జ్యూరీ విచారణలను రాష్ట్రాలు కూడా తుంచరాదని ఒక సవరణ పెట్టాడు. సెనేట్ దాన్ని కొట్టేసింది. 1833లో బాల్టిమోర్ రేవు యజమాని ఒకరు నష్టపరిహారం అడిగితే, ఆ హక్కుల పట్టిక ఫెడరల్ ప్రభుత్వానికే తప్ప రాష్ట్రాలకు వర్తించదని సుప్రీంకోర్టు తేల్చింది. రాష్ట్రాల హక్కుల పేరుతోనే దక్షిణాదిలో బానిసత్వం బతికింది. అంతర్యుద్ధం తర్వాత, 1868లో, 14వ సవరణతో గానీ రాష్ట్రాల చేతికి కళ్లెం పడలేదు. అదీ పూర్తిగా బిగుసుకోవడానికి ఇరవయ్యో శతాబ్దం గడవాల్సివచ్చింది.

మన రాజ్యాంగం ఆ పనిని మొదటిరోజే చేసింది. కేంద్రమైనా, రాష్ట్రమైనా, గ్రామపంచాయతీ అయినా ప్రాథమిక హక్కుల ముందు ఒకటేనని 12వ అధికరణం చెప్తుంది. ఆ ఘనత అంబేడ్కర్‌దీ, ఆయన సహచరులదీ. రాతలో లోటు లేదు. ఆ రాతను జగిత్యాల కోర్టు దాకా మోసుకుపోయే మనిషి కావాలి.

అట్లాంటి మనుషులు మనకున్నారు. 1970ల మొదట్లో పుట్టిన పౌరహక్కుల సంఘానికి మొదటి అధ్యక్షుడు శ్రీశ్రీ. కవిత్వానికీ పౌరహక్కులకూ తెలుగునాట ఉన్న బంధుత్వం అంత పాతది. 1978 నుంచి కన్నబిరాన్ ఆ బాధ్యత మోశాడు, తర్వాత బాలగోపాల్ కార్యదర్శిగా ఊరూరా తిరిగి నిజనిర్ధారణలు చేశాడు. జగిత్యాల న్యాయవాది గోపి రాజన్నను 1985లో చంపారు. అదే ఏడు సెప్టెంబరులో వరంగల్‌లో పిల్లల డాక్టరు రామనాథాన్ని ఆయన క్లినిక్‌లోనే కాల్చేశారు. మరుసటి ఏడు కరీంనగర్ జిల్లాలో జాపా లక్ష్మారెడ్డిని. అడిగినందుకు, రాసినందుకు, కేసు పట్టినందుకు చనిపోయిన వాళ్లు వీళ్లు. మన పాఠ్యపుస్తకాల్లో వీళ్ల పేర్లుండాలి.

ఉద్యమం వైపు నుంచి హత్యలు జరగలేదా అని అడిగేవాళ్లుంటారు. జరిగాయి. హత్యను విచారించడానికి శిక్షాస్మృతి ఉంది, కోర్టులు తెరిచే ఉన్నాయి. కోర్టులు నడుస్తున్న చోట పౌరుణ్ని సైనిక విచారణకు అప్పజెప్పడం చెల్లదని 1866లోనే అమెరికా సుప్రీంకోర్టు మిల్లిగన్ కేసులో అన్నది. అదీ లింకన్ ప్రభుత్వం చేసిన పని మీద. ఒక్కడు చేసిన నేరానికి రెండు తాలూకాల జనాన్ని అనుమానితులను చెయ్యడం ఏ న్యాయం?

ఇదంతా ఆంధ్రప్రదేశ్ కాలం నాటి కథ అనుకుని తప్పించుకోలేం. కొట్లాడి తెచ్చుకున్న మన తెలంగాణ రాష్ట్రమే 2021 మార్చిలో 16 సంస్థలను నిషేధించింది. వాటిలో పౌరహక్కుల సంఘం ఉంది, విప్లవ రచయితల సంఘం (విరసం) ఉంది. వాడింది 1992 నాటి ప్రజాభద్రతా చట్టం. కొన్ని నెలలకే ఉత్తర్వును వెనక్కి తీసుకున్నారు గానీ చట్టం మాత్రం ఉంది. దాన్ని రద్దు చెయ్యాలని ఈ పత్రిక కోరుతున్నది. వేములవాడ, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఎమ్మెల్యేలు ఏ పార్టీ వాళ్లయినా సరే, శాసనసభలో ఆ మాట మొదట ఎత్తాల్సింది వాళ్లే.

పాఠకులకు ఒక మనవి. 1978 నాటి జామీను కాగితాలు, కోర్టు సమన్లు, సంఘం కరపత్రాలు ఏ ఇంటి సందుగలో ఉన్నా ప్రతి తీయించి మాకు పంపండి. ఆనాడు క్యాంపుకు తీసుకుపోయిన వాళ్లు బతికి ఉంటే వాళ్ల మాటను వాళ్ల యాసలోనే రాసి పంపండి. వచ్చే సంచిక నుంచి అచ్చువేస్తాం.