అరాజకము, కళ

“అరాజకము” అన్న మాట వినగానే మన యిండ్లలో దొమ్మీయు, దోపిడియు స్ఫురించును. ఇది నేటి భయము కాదు. దశరథుడు మరణించిన పిమ్మట, రాజులేని దేశమునకు కలుగు కీడులన్నిటిని మునులు వసిష్ఠుని యెదుట ఏకరువు పెట్టిన ఘట్టము అయోధ్యాకాండమున కలదు. కాని యూరపున పందొమ్మిదవ శతాబ్దమునుండి ఈ పేరు ధరించినవారిలో పెక్కుమంది కోరినది కల్లోలము కాదు. (బాంబులు విసరినవారును లేకపోలేదు.) పెత్తనము లేకయే మనుష్యులు పరస్పర సహాయముతో బ్రదుకగలరని వారి విశ్వాసము. అట్టివారికి కళతో ఎట్టి సంబంధము ఉండవలెను?

మన నగరమున పుట్టిన ఎం. పి. టి. ఆచార్య జీవితము ఇందుకు ఉదాహరణము. ఆయన 1887లో జన్మించెను. సుబ్రహ్మణ్య భారతి నడపిన ‘ఇండియా’ పత్రికకు పనిచేసి, పిదప విదేశములకేగెను. 1920లో తాష్కెంటున భారత కమ్యూనిస్టు పార్టీని స్థాపించినవారిలో ఒకడయ్యెను. త్వరలోనే ఎం. ఎన్. రాయ్‌తో విభేదించి, బెర్లిను చేరి, అరాజకవాదిగా స్థిరపడెను. భార్య మాగ్డా నాహ్మన్ రష్యా దేశపు చిత్రకారిణి. లియోన్ బాక్‌స్ట్ శిష్యురాలు. కవయిత్రి మరీనా త్స్వెతాయెవా రూపమును 1913లో చిత్రించినది ఈమెయే. హిట్లరు అధికారమునకు వచ్చిన పిదప దంపతులు బొంబాయి చేరిరి. ఆయన వ్యాసములు వ్రాసెను. ఆమె చిత్రములు వ్రాసెను. 1951లో, తన ప్రదర్శనము ప్రారంభము కావలసిన నాడే ఆమె కన్నుమూసెను. ఆయన 1954 వరకు జీవించెను.

భర్త సిద్ధాంతమును చాటు ప్రచారపటములతో మాగ్డా పేరు నిలువలేదు; ఆమె వ్రాసిన ముఖములతో నిలిచినది. ఇందులో వైరుధ్యమున్నదని కొందరు తలంపవచ్చును. మాకు అట్లు తోచదు. ఒకరిని ఆజ్ఞాపించు హక్కు వేరొకరికి లేదనువాడు, కుంచెను మాత్రము ఎట్లు ఆజ్ఞాపించును?

తెలుగున “అరాజకులు” అన్న నింద పడినవారు దిగంబర కవులు. సొంత పేర్లు విడిచి క్రొత్త పేర్లు పెట్టుకొన్న ఆరుగురు వీరు. వారి దూషణభాష మాకు రుచింపదు. తరగతిలో చదివి వినిపింపజాలము. కాని 1965లో హైదరాబాదున, నడిరేయి, తమ తొలి సంపుటమును పాండు అను రిక్షా కార్మికునిచేత ఆవిష్కరింపజేయుట మాకు ఎంతయు నచ్చినది. శాలువలు, అధ్యక్షోపన్యాసములు లేకున్నను పుస్తకము వెలువడునని వారు చూపిరి. 1970లో విరసము ఏర్పడగా నలుగురు అందు చేరిరి. భైరవయ్య, మహాస్వప్న వెలుపలనే యుండిరి. కోపమునకు గమ్యము దొరికెనని కొందరందురు. పద్యమునకు యజమాని దొరికెనని కొందరందురు. మేము రెండవ మాటకే కొంత మొగ్గుదుము. అయినను, ఆ చేరినవారిలో ముగ్గురు 1971లో నిర్బంధమునకు గురియైరి. ఆ మూల్యము చెల్లింపని మేము వారిని తేలికగా విమర్శింపరాదు.

పాఠశాల పత్రికలో ఈ ప్రసంగమేల యని తల్లిదండ్రులు అడుగవచ్చును. 2006 నాటి చట్టముచేత ఈ రాష్ట్రమున తమిళము తప్పక నేర్వవలసిన భాష. దానిని మన పిల్లలు చక్కగా నేర్తురు, నేర్వవలెను. తెలుగును నేర్వుమని ఆజ్ఞాపించు ప్రభువు ఇచట లేడు. ఆ లెక్కన చెన్నైలో మన తెలుగు అరాజకమైన భాషయే. ఇష్టము వలననే అది బ్రదుకవలెను. అట్టి భాషను బడిలో మేమే ఆజ్ఞగా మార్చినచో? విషయము మేము ఇచ్చి, వాక్యములు మేము దిద్ది, ముగింపున ఒక నీతిని మేమే తగిలించినచో, ఆ పుటలో బిడ్డకు మిగులునది సంతకమే.

కావున రాబోవు సంచికలో నాలుగు పుటలు విద్యార్థులకే విడువవలెనని మా కోరిక. కథయో, బొమ్మయో, హోటలు పలకపై చదివిన తప్పుల తెలుగును గూర్చిన పరిహాసమో, వారే నిర్ణయింతురు. వర్ణక్రమము మాత్రము మేము చూతుము. “మార్కులు తగ్గునేమో” యనువారు ఆ నాలుగు పుటలు వెలువడిన పిమ్మట వచ్చి మాతో వాదింపవచ్చును.