వాకిట్లోని లెక్కలు బడిలోకి రావాలి



ధనుర్మాసం వచ్చిందంటే మన బెల్లంపల్లిలో తెల్లారకముందే వాకిళ్లు ఊడ్చి, సాన్పి చల్లి ముగ్గుకు కూర్చుంటారు. 'ఏడు నుంచి ఒకటి, సరి చుక్క' అని అక్క చెబితే చెల్లె చుక్కలు పెడుతుంది. నడిమి వరసలో 7, అటూ ఇటూ 5, 3, 1. మొత్తం 25. అదే 'ఏడు నుంచి నాలుగు, సందు చుక్క' అయితే 37 చుక్కలు, ఆరు భుజాల ఆకారం. ఒక్క చుక్క తప్పినా ముగ్గు కలవదు. బడిలో శ్రేఢులు, సౌష్ఠవం అనే పేర్లతో పిల్లలు భయపడేది వీటికే. ఇంత లెక్క వేళ్ల మీద ఉన్న అక్క 'నాకు లెక్కలు రావు' అంటుంది. ఆ మాట ఆమెకు నేర్పింది మన చదువే.

మెలికల ముగ్గు ఇంకా లోతైనది. అడ్డం 3, నిలువు 4 చుక్కలు పెట్టి, గీతను ఏటవాలుగా చుక్కల సందుల్లోంచి నడిపి, అంచు దగ్గర మలుపు తిప్పుతూ పోండి. ఒకే గీత అన్ని చుక్కలనూ చుట్టి మొదలైన చోటికే వస్తుంది. 4, 6 చుక్కలైతే రెండు గీతలు కావాలి. 4, 4 అయితే నాలుగు. ఎన్ని గీతలో చెప్పేది ఆ రెండు సంఖ్యల గ.సా.భా.! తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ ఆచార్యుడు గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్‌లతో కలిసి 1974లోనే తమిళ ముగ్గుల మీద కంప్యూటర్ శాస్త్ర పత్రం రాశారు. మన ముగ్గు మాత్రం బడి గేటు బయటే ఆగిపోయింది.

బొగ్గు బాయి దిగే నాన్నలకూ ఈ గీతలు తెలుసు. పిల్లర్లు వదిలి బొగ్గు తీసే బాయి ప్లాను చూడండి. కప్పు మోసే పిల్లర్లు చుక్కల్లా వరసగా, వాటి చుట్టూ గ్యాలరీలు గీతల్లా ఉంటాయి. లోతు పెరిగేకొద్దీ పిల్లరును పెద్దదిగా వదలాలి. అక్కడ కొలత తప్పితే ప్రాణాల మీదికే వస్తుంది.

డిసెంబర్ 22 రామానుజన్ పుట్టినరోజు, జాతీయ గణిత దినోత్సవం. అది ధనుర్మాసంలోనే వస్తుంది. ఆ రోజు బెల్లంపల్లిలోని ప్రతి బడి ఆవరణలో ముగ్గులు పడాలి. తల్లులు నేర్పాలి, పిల్లలు చుక్కలు లెక్కకట్టాలి, ఆ లెక్కకు పుస్తకంలో ఉన్న పేరు సారు చెప్పాలి. మగపిల్లలూ పిండి పట్టాలి. తర్వాత వారానికో పీరియడ్ దీనికే కేటాయించాలి. ఖర్చు కాస్త ముగ్గు పిండే.

అమ్మా, ఈ వారమే మీ పిల్లల బడికి వెళ్లి హెడ్మాస్టరును అడగండి. 'నేను నేర్పుతాను' అని చెప్పండి.