ముందు ఇంటాయన ఫోన్ సంగతి చూడండి

"మా పిల్లలు ఫోన్ వదుల్తలేరు." మా బచ్చన్నపేటలో ఏ ఇంటికి పోయినా ఇదే మాట. ఆ మాట అనేటప్పుడు మన చేతిలో ఉండేదేంటి? ఫోనే!

తప్పంతా పిల్లలదేనా? బువ్వ తినట్లేదని పాటలు పెట్టి చూపించింది మనమే. 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మనలో ఎవరం విన్నాం?

మొన్న చిన్నోణ్ణి తిడుతుంటే, "అమ్మా, బాపును అనవేంది?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆయన కంచం ముందు రీల్స్ చూస్తే 'పాపం, అలిసిపోయి వచ్చిండు'. పిల్లాడు చూస్తే 'చెడిపోయిండు'. నేను చూస్తే 'ఇల్లు పట్టదు'. ఇదెక్కడి న్యాయం?

మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచె వడ్‌గావ్ అనే ఊరుంది. రాత్రి 7 గంటలకు సైరన్ మోగితే గంటన్నర టీవీలు, ఫోన్లు బంద్ చేయాలని 2022లో అక్కడ కట్టుబాటు పెట్టుకున్నారు. పిల్లలకే కాదు, పెద్దలకూ.

మనకు సైరన్ లేకున్నా ఇంట్లో సజ్జ ఉంది కదా! మా ఇంట్లో 8 నుంచి 9:30 వరకు ఫోన్లన్నీ దాని మీదే. ముందు ఆయనది, తర్వాత నాది, ఆఖరికి పిల్లలది. కాల్ వస్తే మాట్లాడి మళ్లీ అక్కడే పెట్టాలి. ఆయన ఇప్పటికీ గొణుగుతారు. అయినా మొన్న పిల్లాడి లెక్కల నోట్‌బుక్ అడిగి తీసుకుని చూశారు, ఈ ఏడాదిలో మొదటిసారి.

అక్కలారా, చెల్లెళ్లారా! ఈ రాత్రి పిల్లాడి ఫోన్ గుంజుకునే ముందు ఇంటాయనది అడగండి. మీదీ పక్కన పెట్టండి.