బాధ ఇంటి తెలుగులో, వైద్యం తమిళంలో

తమిళనాడులో తరాలుగా ఉన్న మనకు తమిళం రాదని ఎవరూ అనరు. అంగడిలో, బ్యాంకులో దానితోనే నెగ్గుకొస్తాం. మనసు బాగోలేనప్పుడు మాత్రం నోటికొచ్చేది ఇంటి తెలుగే. కొడుకు పోయిన పెద్దావిడ "కడుపు రగిలిపోతోంది" అంటే, తోడొచ్చిన మనవడు డాక్టరుకు గ్యాస్ అని చెబుతాడు. తోడొచ్చింది కోడలై, బాధ కోడలి గురించే అయితే ఇక ఆ మాట బయటికే రాదు. "అమ్మవారు పలికింది" అన్నది ఏటా జాతరలో వచ్చే పూనకమా, నిద్ర పట్టనివ్వని కొత్త జబ్బా? అడిగితేనే తెలుస్తుంది.

2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన గ్రంథంలో ఇందుకే 16 ప్రశ్నలు చేర్చింది. మీ బాధను ఇంట్లోవాళ్లకు ఏమని చెప్పుకుంటారు, ఎందుకొచ్చిందనుకుంటున్నారు, ఇలాంటివి. మన 2017 చట్టం జబ్బు గురించీ వైద్యం గురించీ రోగికి అర్థమయ్యే భాషలో చెప్పమంటుంది. చెప్పడం సరే, వినడం? ఓపీలో రద్దీ నిజమే; పదహారూ వద్దు, మూడడిగినా మేలే.

మన సంఘం ఆసుపత్రికి ఇద్దరు ముగ్గురు దుబాసీలనివ్వాలి. చుట్టరికం ఉండకూడదు, గుట్టు దాచాలి, మన యాస తెలియాలి. కల్యాణమంటపం రంగుల ఖర్చులో కొంత ఈ ఏడు దీనికి మళ్లించమని సర్వసభ్య సమావేశంలో అడగబోతున్నాం.