కొన్న యంత్రము ఎవరిది?

మొన్న ఆళ్లగడ్డలో ఒక వ్యాజ్యపు కాగితముల నిమిత్తము తెలుగు అచ్చుకూర్పు పనిచేయు అంగడికి పోయియుంటిమి. అచ్చట 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీతో నడచు కంప్యూటరొకటి నేటికిని శ్రమించుచున్నది. మార్చరాదా యని యడుగగా, "అయ్యా, పదునైదేండ్ల పని యంతయు దీనిలోనే యున్నది. క్రొత్త యంత్రమునకు ఈ యక్షరములు తెలియవు" అని యజమాని బదులు చెప్పెను.

ఈ మాట వట్టి మొండిపట్టు కాదు. పేజిమేకరు కడపటి కూర్పు 2001లో వచ్చినది. 2004లో దాని యభివృద్ధి నిలిచిపోయినది. మన పెండ్లిపత్రికలు, కరపత్రములు, గ్రంథములు ఎన్నియో అందులో అను ఫాంట్లతో కూర్పబడినవే. అవి యూనికోడు క్రమమును అనుసరించినవి కావు. ఆ ఫాంటు లేనిచోట మన తెలుగు పుట అర్థములేని గీతల కుప్పగా కనబడును.

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సాధారణ పోషణ ముగిసినది. విండోస్ 11 టీపీఎం 2.0 అను భద్రతాసాధనమును నియమముగా కోరుచున్నది. కావున చక్కగా పనిచేయు యంత్రములు పెక్కులు ముసలివని తీర్పు పొందుచున్నవి. యంత్రముతో వచ్చిన లైసెన్సు సామాన్యముగా ఆ యంత్రమునకే కట్టుబడియుండును. అది చెడిన అనుమతియు దానితోడనే పోవును. ఎద్దును కొన్న రైతు కాడి మార్చుటకు అమ్మినవాని యాజ్ఞకై వేచియుండునా?

నంద్యాల రైతులకు ఈ కథ క్రొత్తది కాదు. కర్నూలు–కడప కాలువ మొదట ఒక విదేశీ కంపెనీ సొత్తు. 1882లో ప్రభుత్వము దానిని కొని స్వాధీనపరచుకొనవలసి వచ్చినది. నలుగురి బ్రతుకునకు ఆధారమైనది ఒకరి లెక్కపుస్తకమునకు లోబడియుండరాదు.

చట్టము మనకు కొంత అండగానున్నది. 1957 నాటి కాపీరైటు చట్టము 52వ సెక్షను, న్యాయముగా ప్రతిని కలిగినవానికి, అది యే పనికై ఇయ్యబడెనో ఆ పనికి వలయు ప్రతులు చేసికొనుటకును, నష్టమునుండి కాపాడుకొన తాత్కాలికముగా మారుప్రతి యుంచుకొనుటకును అవకాశ మొసగినది. 2012లో చేర్చిన 65ఏ సెక్షను సాంకేతికపు తాళములను విప్పువారిని శిక్షించును. అదియు హక్కులను అతిక్రమించు ఉద్దేశముతో చేసినపుడే. ఈ సంగతి నెరిగినవా రెందరు?

అయినను పాతదానిని కనులు మూసికొని కౌగిలించుకొనుమని మేము చెప్పము. పోషణ నిలిచిన యంత్రమును అంతర్జాలమునకు తగిలించుట, తలుపులు తెరచి నిదురించుటయే. దొంగప్రతులును స్వాతంత్ర్యము కావు. అవి అదే దాస్యమునకు మరియొక వేషము.

మార్గము వేరొకటి కలదు. 1991లో పుట్టిన లినక్సు పాత యంత్రములకును ప్రాణము పోయుచున్నది. దాని యాధారముగా సీ-డాక్ సంస్థ బాస్ అను వ్యవస్థను మన దేశముననే నిర్మించినది. 2015లో భారత ప్రభుత్వము ఇట్టి బహిరంగ సాఫ్టువేరును ఆదరించు విధానమును ప్రకటించినది. కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణరాజునకు అంకితమిచ్చిన పింగళి సూరన పేరిట యూనికోడు ఫాంటొకటి ఎల్లరకు ఉచితముగా లభించుచున్నది.

కావున అచ్చుకూర్పువారు పాత యంత్రమును అంతర్జాలమునకు దూరముగా నుంచి, అది పనిచేయుచుండగనే తమ పుటలను యూనికోడునకు మార్చుకొనవలెను. కళాశాల విద్యార్థులు సెలవులలో చేయి కలుపవలెను. పఠనమందిరములు ఆ పుటలను భద్రపరుపవలెను. ప్రభుత్వ కార్యాలయములు తెలుగు పత్రములను యూనికోడులోనే స్వీకరింపవలెను.

ఆళ్లగడ్డ శిల్పి చెక్కిన రాతిని చదువుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. మన యక్షరములకును ఆ భాగ్యము కలుగవలదా?