పోనీలే అనలేను

మూడేళ్ల కిందట మావారు సెకండ్ హ్యాండ్ స్కూటర్ కొన్నారు. నెల తిరక్కుండానే ఇంజన్ పోయింది. మెకానిక్కుకి 12 వేలు పోశాం. ఇంటిల్లిపాదీ ఒకే మాట అన్నారు, "ఎవడో మోసం చేశాడు పాపం" అని. మొన్న నేను ఆన్‌లైన్‌లో పాత ఫిల్మ్ కెమెరా కొన్నాను. అదీ పాడుదే. ఈసారి మాట మారింది, "నీకెందుకొచ్చిన గొడవ ఇదంతా?" ఆయన కొంటే తప్పు అమ్మినవాడిది. నేను కొంటే తప్పు నాది.

కెమెరా పేరు పెంటాక్స్ కె1000. 1976 నుంచి 1997 దాకా చేసిన మోడల్. నా చీటీ డబ్బుల్లోంచి 9,500 పెట్టాను. అమ్మకి 78 ఏళ్లు. ఫోన్లో ఆవిడ ఫొటోలు వందలున్నాయి, ఆల్బంలో పెట్టుకోవడానికి ఒక్కటీ లేదు. చిన్నప్పుడు నాన్న రోలు వేసి, ఆచితూచి తీసేవారే, అలా ఒక్క రోలు అమ్మని తియ్యాలనుకున్నాను. అంతే నా కోరిక.

అమ్మకానికి పెట్టినచోట "చక్కగా పనిచేస్తుంది" అని రాసుంది. అమ్మని కాకినాడ నుంచి ఉప్పాడ తీసుకెళ్లి, సముద్రం దగ్గర మంచి ఎండలో కూర్చోబెట్టి తీశాను. కొరియర్లో రోలు చెన్నై పంపితే మూడు వారాలకి స్కాన్లు వచ్చాయి. ఇంట్లో తీసినవి ఫరవాలేదు. ఎండలో తీసినవన్నీ ఒక పక్క నల్లగా ఉన్నాయి. అమ్మ కూర్చున్నది ఆ పక్కనే. చీర కుచ్చిళ్లు కొంచెం కనిపిస్తున్నాయి, ముఖం లేదు.

ఎందుకలా అని కూర్చుని నేర్చుకున్నాను. లోపల రెండు గుడ్డ తెరలుంటాయి. మొదటిది తప్పుకుంటే ఫిల్ము మీద వెలుగు పడుతుంది, రెండోది వెనకే వచ్చి మూసేస్తుంది. ఏళ్లు గడిచి మొదటి తెర మందగిస్తే, వేగం ఎక్కువ పెట్టినప్పుడు రెండోది దాన్ని అందుకుంటుంది. ఇక అక్కడినుంచి వెలుగే పడదు. ఇంట్లో వెలుతురు తక్కువ కనక వేగమూ తక్కువే, అందుకే అవి బాగా వచ్చాయి. ఎండలో సెకనులో వెయ్యోవంతు పెట్టాను, దొరికిపోయింది. వెనక తలుపు చుట్టూ ఉండే స్పాంజి కూడా ముదురుపాకంలా వేలికి అంటుకుంది.

అమ్మినతను ఏమన్నాడో వినండి. "ఇది వింటేజ్ మేడం, 40 ఏళ్ల వస్తువు, ఇలాగే ఉంటాయి."

మా అమ్మమ్మ ఇత్తడి బిందె అంతకంటే పాతది. చిల్లు పడితే దాన్ని అటక మీద పెట్టుకుంటాం గానీ, నీళ్లు నిలుస్తాయని చెప్పి పక్కింటావిడకి అమ్ముతామా? పాతదనం వేరు, పాడవడం వేరు. "టెస్ట్ చెయ్యడానికి నా దగ్గర ఫిల్ము లేదండీ" అని ఇంకో మాట. ఈ కెమెరాకి ఫిల్ము అక్కర్లేదు, వెలుతురు కొలిచే ముల్లుకి తప్ప బ్యాటరీ కూడా అక్కర్లేదు. వెనక తలుపు తెరిచి, కిటికీ వైపు పెట్టి, ఒక్కో వేగానికి ఒకసారి నొక్కి చూస్తే చాలు. రెండు నిమిషాల పని. చూడకుండానే "చక్కగా పనిచేస్తుంది" అని ఎలా రాశాడు?

ఏడు రోజుల్లోపే వాపసు అని సైటువాళ్ల నిబంధన. రోలు పూర్తవ్వాలి, కడిగించాలి, స్కాన్లు రావాలి. ఏడు రోజుల్లో తెలిసేది పైన గీత ఉందో లేదో మాత్రమే.

మా మరదలు ఫోన్ చేసి, "పోనీలెండి వదినా, దిష్టి పోయిందనుకోండి" అంది. ఈ పోనీలే అన్న మాట మీదే నాకు కోపం. టైలరు జాకెట్టు చెడగొట్టినా పోనీలే, గ్యాసబ్బాయి 50 ఎక్కువ తీసుకున్నా పోనీలే. ఆడవాళ్లం గొడవెందుకని ఊరుకుంటామని ఎదుటివాళ్లకి బాగా తెలుసు. అతని పేజీలో ఇంకా డజన్ల కెమెరాలున్నాయి. సొంత కెమెరా వదిలించుకుంటున్న మనిషి కాదు, వ్యాపారి.

కాబట్టి రాశాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, లోపం ఉన్న వస్తువునీ, చెప్పినట్టు లేని వస్తువునీ వెనక్కి తీసుకోనంటే కుదరదు. సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. తెర ఆగిపోతున్న వీడియో, నల్లబడ్డ ఫొటోలు, అతని మాటల స్క్రీన్‌షాట్లు జతచేశాను. లేదంటే 1915కి ఫోన్ చేస్తాననీ, 5 లక్షల లోపు కేసుకి జిల్లా కమిషన్లో ఫీజు కూడా లేదనీ కింద రాశాను. బీఏ తెలుగు చదివి ఏం ఉద్ధరించావని అడిగే మావారే, ఉత్తరం చదివి రెండుసార్లు కళ్లజోడు సర్దుకున్నారు.

పంతొమ్మిదో రోజున 9,500 వెనక్కి వచ్చాయి. రోలుకీ, కడిగించడానికీ, కొరియర్లకీ అయిన 1,600 రాలేదు. దానికి మళ్లీ రాశాను, జవాబు కోసం చూస్తున్నాను.

ఇంకో కెమెరా కూడా చూస్తున్నాను. ఈసారి డబ్బు కట్టేముందే, వెనక తలుపు తెరిచి వెయ్యోవంతు దగ్గర నొక్కుతున్న వీడియో, లెన్సులోకి టార్చి వేసిన వీడియో పంపమని అడుగుతున్నాను. ముగ్గురిని అడిగితే ఇద్దరు మళ్లీ పలకలేదు. మూడో ఆయన పంపాడు, తెర బాగానే ఉంది. అమ్మ మాత్రం, "మళ్లీ ఆ ఎండలో కూర్చోపెడతావా ఏంటే?" అంటోంది.