షోకేసు అందం - మన బాధ్యత

బట్టల దుకాణానికి షోకేసే ముఖం. పత్తర్‌గట్టీ రాతి కమానుల నీడన నడిచినా, అబిడ్స్ వీధిలో నిలిచినా, బాటసారి చూపును మొదట ఆకర్షించేది అద్దం వెనుక కనిపించే వస్త్రమే. అయితే రంజాన్, దసరా పండుగలకు షోకేసును అలంకరించి, పండుగ ముగియగానే ఆ సామగ్రినంతా చెత్తకుప్పకు చేర్చడం సమంజసమా అని మేము ప్రశ్నిస్తున్నాము.

అలంకరణకు వాడే థర్మోకోల్‌ను, 100 మైక్రానుల కంటె పలుచని పి.వి.సి. బ్యానర్లను కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుండి నిషేధించింది. థర్మోకోల్ మట్టిలో కలిసిపోదు. తునకలై కాలువలకు చేరుతుంది. చట్టానికి వెరచి దానిని విడిచిపెట్టడం కంటె, మేలైన అందం వేరొకటి ఉన్నదని తెలిసి విడిచిపెట్టడం ఉత్తమం.

ఆ అందం వస్త్రంలోనే ఉన్నది. ఒక్క పోచంపల్లి చీరను వెదురు చట్రంపై నిండుగా పరచి, వెనుక ఒకే రంగు తెర కట్టి, ప్రక్కనుండి ఎల్.ఇ.డి. దీపపు వెలుగు పడనిస్తే చాలు, నేతగాని పనితనం తానే మాట్లాడుతుంది. పది చీరలు క్రిక్కిరిసిన చోట ఏ ఒక్కటీ కంటికి ఆనదు. ఎండకు రంగు వెలిసిపోకుండా చీరను తరచు మార్చాలి.

ఖర్చు పెరుగుతుందని వర్తకులు అనవచ్చు. కాని వెదురు చట్రం, జనపనార తెర ఒక్క పండుగతో పాడయ్యేవి కావు. వస్త్రం మారిస్తే షోకేసు మళ్లీ క్రొత్తదే.

చిత్రలేఖనం, కుట్టుపని, ఉర్దూ తెలుగు లిపులలో అందమైన వ్రాత తెలిసిన మన విద్యార్థినీ విద్యార్థులకు ఇందులో ఉపాధి ఉన్నది. ఇందుకొక శిక్షణ తరగతి ఏర్పాటు చేయవలసిందిగా కళాశాల కమిటీ వారికి మా మనవి.